కారుకి వేయించిన కొత్త బుష్‌లు తొమ్మిది నెలలకే చిరిగాయి, ఈసారి ఇంట్లోనే మార్చుకోవచ్చా?

ఉప్పాడ లెక్కలు:

అందరికీ నమస్కారం. ఉండేది కాకినాడ, ఉప్పాడ దగ్గర హైస్కూల్లో లెక్కలు చెప్తాను. రోజూ బీచ్ రోడ్డు మీదే రాకపోకలు. ఆ రోడ్డు సంగతి మావైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు. తుఫాను వచ్చినప్పుడల్లా సముద్రం రోడ్డును కోసేస్తుంది, రాళ్ళు పోసి పూడుస్తారు, మళ్ళీ కోసేస్తుంది. అలలు పోటు మీదున్న రోజైతే ఉప్పునీళ్ళు తిన్నగా అద్దం మీదే పడతాయి.

బండి 2013 స్విఫ్ట్ డీజిల్. 1,18,000 కిలోమీటర్లు తిరిగింది. బ్రేకు వేసి ఆగబోతుంటే ఎడమవైపు ముందు చక్రం దగ్గర ‘టక్’ అని ఒకే ఒక్క దెబ్బ. రివర్సు వేసి కదిలిస్తే ఇంకో ‘టక్’. చిన్న గతుకుల్లో ఏ చప్పుడూ లేదు. బ్రేకు గట్టిగా నొక్కితే స్టీరింగ్ ఎడమకి లాగుతోంది. ఎడమ టైరు లోపలి అంచు నున్నగా అయిపోయింది.

మొన్న ఆదివారం డిగ్రీ చదివే మావాణ్ణి స్టీరింగ్ దగ్గర కూర్చోబెట్టి, బండిని జానెడు ముందుకీ జానెడు వెనక్కీ నడిపిస్తూ బ్రేకు వేయమన్నాను. నేను పక్కన గొంతుక్కూర్చుని టార్చి వేసి చూశాను. చక్రాన్ని పట్టుకునే లోయర్ ఆర్మ్ ఉందే, అది మొత్తం ఊగుతోంది. చక్రం విప్పి దగ్గరగా చూశాను. ఆ ఆర్మ్‌ని ఛాసిస్‌కి కలిపే చోట ఉండే బుష్ అంటే గారె లాంటిదే కదా. చుట్టూ ఇనుప వలయం, చిల్లులో ఇనుప గొట్టం, రెంటి మధ్యా రబ్బరు. మా బండిలో ఆ రబ్బరు లోపలి గొట్టం నుంచి ఊడిపోయి నెలవంక ఆకారంలో సందు వచ్చింది. పెళ్ళి శుభలేఖ చింపి ఆ ముక్క దూర్చితే అటు నుంచి ఇటు వచ్చేసింది.

అసలు బాధ ఏమిటంటే ఇవి కొత్తవే. సంక్రాంతి వెళ్ళాక ఒక షెడ్డులో రెండువైపులా వేయించాను. నేను అక్కడే ఉన్నాను కూడా. బండిని లిఫ్టు మీద పైకెత్తారు, చక్రాలు కిందకి వేలాడుతున్నాయి. పాతవి ప్రెస్సులో నొక్కి తీశారు, కొత్తవి నొక్కి పెట్టారు, గాలి గన్నుతో గర్రుమని బిగించారు, దించేశారు. నేను టీ తాగేలోపు అయిపోయింది. పనితనం అంటే ఇదీ అనుకున్నాను. తొమ్మిది నెలలు పూర్తికాకుండానే ఈ గతి. వెళ్ళి అడిగితే “మీ రోడ్డు అలాంటిది మాస్టారూ” అన్నారు.

నా ప్రశ్నలు రెండు. ఆ సరుకు డూప్లికేటా? రెండోది, దీన్ని ఇంట్లో మార్చుకోవచ్చా? పోర్టికోలో సిమెంటు గచ్చు ఉంది. సాకెట్ల సెట్టు ఉంది, స్టెప్నీ జాకీ ఉంది, సుత్తి ఉంది. బ్రేకు ప్యాడ్లు, ఫిల్టర్లు నేనే మార్చుకుంటాను. ఇంత లోతుకి ఎప్పుడూ వెళ్ళలేదు. మా ఆవిడైతే ఇప్పటికే టెన్షన్ పడుతోంది.

హైవే రాజా:

లింక్ రాడ్, అదేనండి బండి ఒరగకుండా ఆపే కడ్డీని చక్రం వైపు కలిపే చిన్న రాడ్డు, పోయుంటుంది. మా బండికీ అదే. ఐదారు వందల్లో పోతుంది, ముందు అది మార్చి చూడండి.

ఉప్పాడ లెక్కలు:

లింక్ రాడ్ అయితే చిన్న గతుకుల్లో గలగలమనాలి కదండీ. చేత్తో పట్టుకుని ఊపాను కూడా, గట్టిగానే ఉంది. పైగా చిరుగు కళ్ళారా చూశాను.

డిపో గ్యారేజీ:

మాస్టారూ, ఆర్టీసీ డిపోలో మెకానిక్కుగా చేసి రిటైర్ అయ్యాను. సరుకు అసలుదో నకిలీదో ఇక్కడి నుంచి నేను చెప్పలేను. అసలుదే అనుకుందాం, అయినా చిరుగుతుంది. ఎందుకో మీరే రాశారు. ‘చక్రాలు వేలాడుతున్నాయి, గన్నుతో బిగించారు’ అన్నారే, అక్కడ.

ఈ రబ్బరు బుష్ బేరింగులా తిరిగేది కాదు. లోపలి గొట్టాన్ని బోల్టు ఛాసిస్‌కి బిగించేస్తుంది. బయటి వలయం ఆర్మ్‌లో బిర్రుగా కూర్చుంటుంది. చక్రం పైకీ కిందకీ ఆడినప్పుడు తిరిగేది ఏదీ ఉండదు, మధ్యలో రబ్బరే మెలిపడుతుంది, మళ్ళీ విప్పుకుంటుంది. మీరు ఏ స్థితిలో బోల్టు బిగిస్తే అదే దానికి నిద్రపోయే స్థితి. చక్రం గాల్లో వేలాడుతుండగా బిగించారనుకోండి, దించగానే బండి బరువుకి ఆర్మ్ పైకి లేస్తుంది, రబ్బరు తడిగుడ్డ పిండినట్టు మెలిపడిపోతుంది. మీరు రాత్రి ఇంట్లో పడుకున్నా అది ఆ మెలికలోనే ఉంటుంది. దాని మీద మళ్ళీ మీ రోడ్డు. తొమ్మిది నెలలు ఆగిందంటే సరుకు మంచిదేనేమో!

మా వాళ్ళ తప్పు కూడా ఒకటి ఒప్పుకోవాలి. పాత బస్సుల స్ప్రింగు పట్టీలకి లోహపు బుష్‌లు, పిన్నులు ఉండేవి. గ్రీజు కొడితే తిరుగుతాయి. ఎక్కడ బిగించినా ఒకటే. ఆ చేతులతోనే కార్ల దగ్గరికొచ్చినవాళ్ళు రబ్బరు బుష్‌ని కూడా అలాగే చూస్తారు. నేను సొంత కారుకి మొదటిసారి వేసినప్పుడు సులువుగా దిగుతుందని గ్రీజు రాశాను. ఆ నూనెకి రబ్బరు ఉబ్బి మెత్తబడి ముద్దయింది. సబ్బునీళ్ళు రాయాలని తర్వాత ఇంకొకాయన చెప్పాడు. అప్పటికి ఇరవై ఏళ్ళ సర్వీసు నాకు.

ఇంట్లో చేసుకోవచ్చు. కానీ బుష్ ఒక్కటే కొని సుత్తితో కొట్టి దించుదామనుకోకండి. ప్రెస్సు లేకుండా కొడితే వలయం సొట్టపోతుంది, ఆర్మ్ చెవి వంగుతుంది. మీ బండి వయసుకీ ఆ ఉప్పుగాలికీ ఆర్మ్ మొత్తం కొనుక్కోండి. బుష్‌లు, చక్రం వైపు చివర ఉండే గుండు కీలు, అంటే బాల్ జాయింటు, దానికే బిగించి వస్తాయి. రెండువైపులా కొనండి. బోల్టులు కూడా కొత్తవి ముందే తెచ్చి పెట్టుకోండి. ఇది మర్చిపోవద్దు. సముద్రం పక్క బండి కాబట్టి చెప్తున్నా.

బండి ఎత్తకముందే ఒక పని చేయండి. సమతలమైన నేల మీద నిలబెట్టి, చక్రం మధ్య నుంచి దాని పైన ఉన్న మడ్‌గార్డు అంచు దాకా టేపు పెట్టి కొలవండి. రెండువైపులా కొలిచి రాసుకోండి. చివర్లో ఆ అంకె కావాలి.

స్టెప్నీ జాకీ నమ్ముకుని కిందికి దూరొద్దు. స్టాండ్లు రెండు అరువు తెచ్చుకోండి. వెనక చక్రాలకి రాళ్ళు పెట్టండి. విప్పిన చక్రాన్ని కూడా బండి అంచు కిందికి తోసి ఉంచండి. డిపోలో జాకీ జారడం నేను రెండుసార్లు చూశాను. మిగతాది రాయను.

బాల్ జాయింటు దగ్గర అడ్డబోల్టు ఉంటుంది. దాన్ని వదులు చేస్తే చాలదు, మొత్తం బయటికి లాగేయాలి. జాయింటు కాడకి గాడి ఉంటుంది, ఆ బోల్టు గాడిలోంచే వెళ్తుంది. అది ఉండగా ఎంత కొట్టినా ఆర్మ్ దిగదు. ఊడాక హబ్బుని, అంటే చక్రం బిగించే భాగాన్ని, మీవైపు లాగకండి, చక్రాన్ని తిప్పే డ్రైవ్ షాఫ్టు లోపలి జాయింటు విడిపోతుంది. తాడుతో స్ప్రింగుకి కట్టేసి ఉంచండి, బ్రేకు గొట్టం మీద బరువు పడకూడదు.

కొత్త ఆర్మ్ పెట్టాక బోల్టులు చేత్తో పట్టించి, పానాతో ఆనేదాకా మాత్రమే తిప్పండి. అప్పుడు ఆర్మ్ చివర, బాల్ జాయింటుకి దగ్గరగా, చెక్కముక్క వేసి రెండో జాకీతో పైకి లేపండి. మొదట రాసుకున్న అంకె వచ్చేదాకా లేపి, అప్పుడు బిగించండి. ఎంత బలంతో బిగిస్తున్నామో చూపించే టార్క్ రెంచి ఉంటే మాన్యువల్లో ఉన్న లెక్క ప్రకారం. ఒక్కమాట. బోల్టు అడ్డంగా ఉన్న బుష్‌కే ఈ మెలి బాధ ఎక్కువ. నిలువుగా ఉన్న దానికి అంత లేదు. అయినా రెండూ అదే ఎత్తులో బిగిస్తే పోయేదేమీ లేదు.

ఉప్పాడ లెక్కలు:

గురువుగారూ, రాత్రి మీ జవాబు చదివి నిద్ర పట్టలేదు. పొద్దున్నే టేపు పట్టుకుని వెళ్ళాను. నేల మీద ఉన్నప్పుడు చక్రం మధ్య నుంచి అంచు దాకా ఎడమ 36.5 సెంటీమీటర్లు, కుడి 37. జాకీ పెట్టి ఎత్తితే ఎడమది 45 అయింది. అంటే చక్రం ఎనిమిదిన్నర సెంటీమీటర్లు కిందకి వేలాడుతోంది. ఆర్మ్ పొడవు సుమారు 35. సైన్ విలువ కడితే కోణం 14 డిగ్రీలు వచ్చింది.

అంటే ఈ తొమ్మిది నెలలూ, బండి ఊరికే నిలబడి ఉన్నప్పుడు కూడా ఆ రబ్బరు 14 డిగ్రీలు మెలితిరిగి ఉంది. ఇక గోతిలో పడి చక్రం ఇంకో ఐదారు సెంటీమీటర్లు పైకి లేచిందంటే 22 నుంచి 24 డిగ్రీలు. సరిగ్గా బిగించి ఉంటే అదే గోతికి ఎనిమిది నుంచి పది డిగ్రీలతో పోయేది. పదో తరగతి త్రికోణమితి ఎందుకు పనికొస్తుందని పిల్లలు అడుగుతుంటారు. సోమవారం ఈ లెక్క బోర్డు మీద వేస్తాను.

ఆర్మ్‌లు రెండూ ఆర్డరు పెట్టాను, ఒక్కోటి రెండువేల లోపే. బోల్టులు రెండే దొరికాయి.

కూకట్‌పల్లి కుర్రాడు:

సార్, నేను బుష్ ఒక్కటే ఇంట్లో వేశాను, నా కథ కూడా వినండి. పొడుగాటి బోల్టు, రెండు పెద్ద వాషర్లు, ఒకవైపు ఇనుప గొట్టం ముక్క పెట్టి, నట్టు తిప్పుతూ పోతే కొత్తది లోపలికి లాక్కుంటూ వెళ్తుంది. పనిచేస్తుంది. నేను ఇంకా తెలివి మీరి, కొంచెం కుంచించుకుంటుందని బుష్‌ని రాత్రంతా ఫ్రీజర్లో పెట్టాను. పొద్దున్నే అమ్మ ఆ పాలిథిన్ కవరు విప్పి చూసి ఏం మాంసం రా ఇది అంది.

దిగడమైతే దిగింది. కానీ ఆ బుష్‌లో రబ్బరుకి రెండు పక్కలా కావాలనే సందులు వదిలి ఉంటాయి. అవి ఎటు ఉండాలో కంపెనీ గుర్తు పెడుతుంది. నేను గుర్తు చూడకుండా అడ్డంగా నొక్కేశాను. బ్రేకు వేస్తే బండి ఊగుడు మొదలైంది. మళ్ళీ తీసి మళ్ళీ వేయడానికి ఇంకో బుష్ కొన్నాను. ఆర్మ్ మొత్తం కొని మంచి పని చేశారు సార్.

ఇంకోటి, పాలీయూరథేన్ బుష్‌లు అని గట్టివి దొరుకుతాయి, అవి వేయమని మీకు ఎవరో ఒకరు చెప్తారు. నా ఫ్రెండు వేశాడు. అంత త్వరగా అరగవు నిజమే, కానీ రోడ్డు మీది ప్రతి రాయీ స్టీరింగ్‌లోకి వస్తుంది, గ్రీజు ఆరితే మంచం కిర్రుమన్నట్టు కిర్రుమంటాయి.

డెట్రాయిట్ చలి:

ఇక్కడ చలికాలం రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు, కాబట్టి మీ ఉప్పాడ కష్టం నాకు బాగా తెలుసు మాస్టారూ. బోల్టు తిరుగుతుంది కానీ బయటికి రాదు, అదీ మీకు ఎదురయ్యేది. బుష్ లోపలి గొట్టమూ బోల్టూ తుప్పుతో ఒకటైపోయి ఉంటాయి. ముందు మూడు రోజులు సాయంత్రం సాయంత్రం తుప్పు వదిలించే నూనె కొట్టండి. పెట్టేటప్పుడు కొత్త బోల్టు ఒంటికి, అంటే గొట్టంలో ఉండే భాగానికి, రాగి పేస్టు పల్చగా రాయండి. నట్టు పట్టే చుట్ల (థ్రెడ్ల) మీద మాత్రం రాయకండి. అక్కడ జారుడు ఎక్కువైతే రెంచి చూపించే టార్క్ ఒకటి, బోల్టు మీద పడే లాగుడు ఇంకొకటి అవుతుంది.

ఉప్పాడ లెక్కలు:

అయింది. ఆదివారం పొద్దున్న ఏడింటికి మొదలుపెట్టి సాయంత్రం ఐదున్నరకి లేచాను.

కుడివైపు నలభై నిమిషాల్లో ఊడింది. నేనే నమ్మలేదు. అడ్డబోల్టు తీసి, ఉలి మొన సందులో కాస్త పెట్టి, ఆర్మ్ మీద పలుగు వేసి కిందకి నొక్కితే బాల్ జాయింటు ‘టప్’ మని దిగింది. మావాడు హబ్బుని మా ఆవిడ పాత చున్నీతో స్ప్రింగుకి కట్టాడు. తాడు వెతకడానికి బద్ధకం.

ఎడమవైపు డెట్రాయిట్ వారు చెప్పినట్టే జరిగింది. వెనక నిలువు బోల్టు వచ్చేసింది. ముందు బుష్‌లో అడ్డంగా ఉన్న బోల్టు తిరుగుతూనే ఉంది, తిరుగుతూనే ఉంది, బయటికి మాత్రం రాదు. నట్టు ఎప్పుడో ఊడింది. తల దగ్గర ఇంత సందు వచ్చింది, అక్కడ ఆగిపోయింది. చూస్తే లోపలి గొట్టం కూడా బోల్టుతో పాటే తిరుగుతోంది. రబ్బరు ఎలాగూ చిరిగి ఉంది కాబట్టి దాన్ని పట్టుకుని ఆపేది ఏదీ లేదు. నూనె, సుత్తి, మళ్ళీ నూనె. హ్యాక్సా బ్లేడు దూర్చి కోశాను. ఇరవై నిమిషాల తర్వాత చూస్తే బోల్టు మీద గోటితో గీసినంత గీత పడింది, బ్లేడు పళ్ళన్నీ పోయాయి. మా ఆవిడ వచ్చి చూసి ఏమీ అనకుండా మజ్జిగ గ్లాసు గచ్చు మీద పెట్టి వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది.

చివరికి వీధి చివర గేట్లు వెల్డింగ్ చేసే కుర్రాణ్ణి పిలిచాను. బ్రేకు గొట్టానికి తడి గోనెసంచి చుట్టాం. చిన్న గ్రైండరుతో బుష్‌కీ ఛాసిస్ చెవికీ మధ్య రెండువైపులా కోశాడు. ఐదు నిమిషాలు. ఆర్మ్ దబ్బున కింద పడింది, దాంతో పాటు పిడికెడు ఎర్రమట్టిలా తుప్పు. బోల్టు ముక్క, గొట్టం ఒకే రాడ్డులా ఉన్నాయి, ఏది ఎక్కడ మొదలయిందో తెలియట్లేదు. నా దగ్గరున్న రెండు కొత్త బోల్టుల్లో ఒకటి అక్కడ పట్టింది. గురువుగారు బోల్టుల మాట చెప్పి ఉండకపోతే బండి రెండ్రోజులు స్టాండ్ల మీదే ఉండేది, నేను బస్సులో వెళ్ళేవాణ్ణి.

కొత్తవి పెట్టడం తేలికే. జాకీతో ఆర్మ్ లేపుతూ మావాడు టేపు పట్టుకుని అంకెలు చదివాడు. 42, 40, 38. 38 దగ్గర బండి స్టాండు మీద నుంచి కొంచెం లేస్తున్నట్టు అనిపించి ఆగిపోయాం. డిక్కీలో రెండు సిమెంటు బస్తాలు ఉన్నాయి, వెనక బరువుకి ముందు తేలిందా అని తీయించాను. లాభం లేదు. నేనే ఇంజిన్ వైపు ముందు అంచు మీద కూర్చుంటే 36.5 వచ్చింది! అలా కూర్చుని ఉండగా మావాడు పక్క నుంచి చెయ్యి చాపి రెంచి టిక్కుమనేదాకా బిగించాడు. కుడివైపు 37 దగ్గర.

సోమవారం బళ్ళోకి వెళ్ళే ముందే ఎలైన్‌మెంట్ చేయించాను. ఎడమ చక్రం టో, అంటే చక్రం ముందు అంచు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం, బాగా తప్పిందన్నాడు. ‘టక్’ పోయింది. స్టీరింగ్ లాగడం లేదు. టైరు అరుగుదల సంగతి కొన్నాళ్ళు పోతేగానీ తెలియదు.

డిపో గ్యారేజీ:

శభాష్ మాస్టారూ. అయితే మీరు అంచు మీద కూర్చోవడం నాకు నచ్చలేదు. బండి స్టాండు మీద నుంచి లేస్తోందంటే అప్పటికే ఆ మూల బరువంతా జాకీ మీదికి వచ్చినట్టే. 38 దగ్గర బిగించినా మిగిలేది రెండు మూడు డిగ్రీలే, ఆ మాత్రం రబ్బరు ఓర్చుకుంటుంది. ఇంకోసారి అవసరమైతే బోల్టులు ఆనించి, చక్రాలు తొడిగి, ముందు రెండు చక్రాల కిందా ఒకే ఎత్తు గట్టి చెక్కదిమ్మలు పెట్టి దించండి. బరువు అదే పడుతుంది. పక్క నుంచి చెయ్యి పెడితే రెంచి అందుతుంది.

500 కిలోమీటర్లు తిరిగాక నాలుగు బోల్టులూ, అడ్డబోల్టులు రెండూ ఒకసారి రెంచి పెట్టి చూడండి. చక్రాల నట్లు కూడా.

కూకట్‌పల్లి కుర్రాడు:

సార్, సిమెంటు బస్తాలు డిక్కీలో ఎందుకున్నాయి?

ఉప్పాడ లెక్కలు:

బాత్రూం గచ్చు పని మూడు వారాలుగా వాయిదా పడుతోంది నాయనా. బస్తాలు దింపాక వెనకవైపు ఇంకో చిన్న చప్పుడు వినిపిస్తోంది. స్టెప్నీ వదులుగా ఉందేమో చూడాలి.

గురువుగారూ, చెక్కదిమ్మల మాట రాసుకున్నాను. ఇక అంచు మీద కూర్చోను.